గరగర వినిపించని రికార్డు

నేను సాధారణంగా రక్తపోటు గురించో, మధుమేహం గురించో వ్రాస్తుంటాను. ఈసారి నా గదిలోని ఒక పాత పెట్టె గురించి వ్రాస్తున్నాను. పెట్టెకూ ఆరోగ్యానికీ ఏమిటి సంబంధమని మీరు అడగవచ్చు. ఉన్నది. అది నాకే డెబ్బయి దాటిన తరువాత గాని తెలియలేదు.

మాది సూళ్లూరుపేట. కాళంగి ఏటి ఒడ్డున, రాత్రింబగళ్లు తలుపులు మూయని చెంగాళమ్మ గుడికి నడిచి వెళ్లగలిగినంత దూరంలో నేను పుట్టి పెరిగాను. మా నాన్నగారు బడిపంతులు. ఆయన జీతంలో నెలనెలా మిగిల్చి కొన్న ఒకే ఒక విలాస వస్తువు వాల్వుల రేడియో. మీట తిప్పగానే అది పలికేది కాదు. ముందు లోపల చిన్న దీపం వెలిగేది. వాల్వులు వేడెక్కేదాకా మేమందరం దాని ముందు నిశ్శబ్దంగా కూర్చునేవాళ్లం. ఆ అర నిమిషపు నిరీక్షణ ఈనాటి పిల్లలకు ఎలా వివరించాలో నాకు తెలియదు. దానికి లైసెన్సు కూడా ఉండేది. ఏటా పోస్టాఫీసుకు వెళ్లి రుసుము కట్టి, చిన్న పుస్తకంలో ముద్ర వేయించుకోవాలి. నాన్నగారి లైసెన్సు పుస్తకం ఇప్పటికీ నా బీరువాలో, నా పట్టా కాగితం పక్కనే ఉంది.

మద్రాసు దగ్గర కాబట్టి మద్రాసు కేంద్రం మాకు స్పష్టంగా వినిపించేది. విజయవాడ కేంద్రం 1948లోనే మొదలైనా, మా ఇంటికి అది గాలిని బట్టి వచ్చే చుట్టం. మధ్యాహ్నం పూట రేడియో సిలోన్ నుండి మీనాక్షి పొన్నుదురై గారి గొంతు, తెలుగు సినిమా పాటలు, సముద్రపు అలలాగా పైకి లేచి, అణగి, మళ్లీ లేచేవి. మంచి చరణం వచ్చినప్పుడే ఆ అల అణిగేది. పోయిన ముక్కను ఊహతో పూరించుకొనేవాళ్లం. సినిమా హాలు దగ్గర కొన్ని పైసలకు అమ్మే పాటల పుస్తకం ఉంటే ఊహ అవసరం తప్పేది. అటువంటి పుస్తకాలు నా దగ్గర నలభైకి పైగా ఉన్నాయి. చెదలు తిన్నవి తిన్నట్లే దాచాను.

వైద్యవిద్యకు తిరుపతి వెళ్లినా, సెలవుల్లో నా యాత్రాస్థలం మద్రాసు. సెంట్రల్ స్టేషనులో రైలు దిగితే పక్కనే మూర్ మార్కెట్టు. ఎర్రటి ఇటుకల ఆ భవనంలోను, చుట్టుపక్కల కొట్లలోను పాత పుస్తకాలు, పాత గడియారాలు, పాత రికార్డులు గుట్టలుగా దొరికేవి. అనాటమీ పుస్తకం సెకండ్ హాండులో కొనడానికని ఇంట్లో డబ్బు తీసుకొని వెళ్లి, ఆ డబ్బుతో నేను కొన్నది హెచ్ఎమ్‌వి 102 నమూనా గ్రామఫోను. సూట్‌కేసులాగా మడిచి మోసుకుపోవచ్చు. కరెంటు అక్కరలేదు, కీ ఇస్తే చాలు. అనాటమీని ఆ ఏడాది స్నేహితుడి పుస్తకంలో, అతడు నిద్రపోయిన తరువాత చదివాను. మూర్ మార్కెట్టు 1985లో కాలిపోయింది. ఆ వార్త పేపర్లో చదివిన రోజు ఓపీలో నా మనసు నిలవలేదు.

ఆ యంత్రం ఎలా పనిచేస్తుందో కాస్త చెప్పాలి. ముందు ముందు పనికివస్తుంది. రికార్డు మీది గాడిలో ఉక్కు సూది నడుస్తుంది. గాడి వంకర్లకు సూది వణుకుతుంది. ఆ వణుకు ఒక పలుచని పొరకు చేరుతుంది. పొర గాలిని కదిలిస్తుంది. లోపలి కొమ్ము ఆ ధ్వనిని పెంచి బయటికి పంపుతుంది. అంతే. మన చెవిలోనూ దాదాపు ఇదే ఏర్పాటు, కాకపోతే తిరగేసి ఉంటుంది. గాలి కర్ణభేరి అనే పొరను కదిలిస్తే, మూడు చిన్న ఎముకలు ఆ కదలికను లోపలి నత్తగుల్లకు, అంటే కోక్లియాకు, అందిస్తాయి. గ్రామఫోనుకు వాల్యూం మీట ఉండదు. ధ్వని హెచ్చు తగ్గులు సూదిని బట్టి ఉంటాయి. మెత్తని ధ్వనికి ఒక సూది, మధ్యరకానికి ఒకటి, గట్టి ధ్వనికి మరొకటి. చిన్న రేకు డబ్బీలలో వచ్చేవి. రికార్డు ఒక పక్క వాయించగానే సూది మార్చవలసిందే, లేకపోతే గాడి చెడిపోతుంది.

డెబ్భై ఎనిమిది చుట్ల రికార్డులను లక్కతో చేసేవారు. పట్టు తప్పితే పగిలిపోతాయి. ఇంకొక ప్రమాదం కూడా ఉందని నేను అనుభవం మీద నేర్చుకున్నాను. హౌస్ సర్జన్సీ రోజుల్లో, అతిశుభ్రత తలకెక్కి, ఒక రికార్డును సర్జికల్ స్పిరిట్ ముంచిన దూదితో చక్కగా తుడిచాను. స్పిరిట్‌కు లక్క కరుగుతుంది. రెండు నిమిషాల్లో ఒక గాయకుడి గొంతును నా చేతులతో నేనే తుడిచేశాను. మీ ఇళ్లలో అటువంటి రికార్డులుంటే పొడి మెత్తని బ్రష్షు వాడండి; స్పిరిట్ మాత్రం తగలనివ్వకండి. ఘంటసాల వారు 1974 ఫిబ్రవరి 11న కన్నుమూసిన సాయంత్రం మా హాస్టలు వరండాలో మోగింది ఈ పెట్టే. ఎవరూ మాట్లాడలేదు, సూదులు అయిపోయాయి.

గడిచిన కాలం మీది ఈ బెంగకు ఇంగ్లీషువారు వాడే నోస్టాల్జియా అనే మాటను పుట్టించినది కవి కాదు, వైద్య విద్యార్థి. 1688లో జోహాన్నెస్ హోఫర్ అనే యువకుడు బాసెల్‌లో తన సిద్ధాంత వ్యాసంలో, ఇంటికి దూరమైన వారిని పీడించే జబ్బుకు పేరుగా దానిని ప్రతిపాదించాడు. తిరిగి ఇల్లు చేరడం, నొప్పి అనే రెండు గ్రీకు మాటలు కలిపాడు. పరాయి దేశాల్లో కొలువుచేసే స్విస్ సైనికులు తమ కొండల్లోని పశువుల కాపరుల పాట వింటే కొలువు వదిలి పారిపోతారని, అందుకే ఆ పాటను నిషేధించారని రూసో వ్రాశాడు. ఇప్పుడు దానిని ఎవరూ జబ్బు అనరు. కానీ పాత పాట మనిషిని కదిలించగలదని మూడు వందల ఏళ్ల నాడే వైద్యులు గమనించారు గదా అని నాకు ముచ్చట.

ఇక అసలు విషయం. దీనిని వ్రాయడానికి నాకు చాలా కాలం పట్టింది.

ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకు, మా జిల్లాలోనే ఒక పల్లె ఆరోగ్య కేంద్రంలో ఉండగా, ఒక నాదస్వర విద్వాంసుడు దగ్గుతో వచ్చాడు. నలభై ఏళ్లుంటాయి. చుట్టుపక్కల పెళ్లిళ్లకు, గుడి ఉత్సవాలకు ఆయన మేళమే. కళ్లెలో క్షయ క్రిములు కనిపించాయి. ఆయనకు చావు భయం కంటే మరొకటి ఎక్కువగా ఉండేది: ఊపిరి చాలక వాయిద్యం పోతుందేమోనని. ఊపిరితిత్తులు బాగుపడతాయి, మళ్లీ వాయిస్తావు అని నేను మాట ఇచ్చాను. ఊపిరి గురించి ఇద్దరం ఆలోచించాం. చెవి గురించి ఇద్దరిలో ఎవరమూ ఆలోచించలేదు. ఆయనకు ఆ అవసరం లేదు. నాకు ఉండింది.

ఆ రోజుల్లో క్షయకు రోజూ స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షను. 1943లో కనుగొన్న ఆ మందు లక్షల ప్రాణాలు నిలిపింది. అయితే అది కొందరిలో లోపలి చెవిని దెబ్బతీస్తుంది. శరీరపు తూకాన్ని కాచే భాగాన్ని ఎక్కువగా, వినికిడిని కొంత. ఇది నాకు తెలుసు. పరీక్షలో వ్రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. నెలన్నర గడిచాక ఆయన వచ్చి, చాలా మొహమాటంగా, “సామీ, చెవిలో ఇంకో శ్రుతి మోగతా ఉంది. దాంతో నా వాయిద్యం కలవటం లేదు” అన్నాడు.

వంద మంది ఉన్న ఓపీ. నేను తల ఎత్తకుండానే, “నీరసం వల్ల అలా ఉంటుంది, బలానికి మాత్రలు వ్రాస్తున్నాను” అన్నాను. మరో రెండు వారాలు ఇంజెక్షను సాగింది. ఒక సాయంత్రం కరెంటు లేని వేళ ఆయన ఆసుపత్రి వసారాలో గోడ పట్టుకొని నడుస్తూ ఉంటే చూశాను. చీకట్లో తూలుతున్నాడు. అప్పుడు నాకు అర్థమయింది. ఆ రాత్రే ఇంజెక్షను ఆపి మందు మార్చాను. తూలుడు చాలావరకు తగ్గింది. వినికిడి తిరిగి రాలేదు.

అంతకంటే సూటిగా ఎవరూ లక్షణం చెప్పలేరు. నా జీవితంలో వేల మంది రోగుల మాటలు విన్నాను; అంత స్పష్టమైన ఫిర్యాదు మరొకటి గుర్తులేదు. శ్రుతి తప్పినదని ఒక నాదస్వర విద్వాంసుడు చెబుతున్నాడు, నేను బి కాంప్లెక్సు వ్రాస్తున్నాను.

క్షయ నయమయింది. ఆయన బతికాడు. కొడుకు మేళం నడుపుతుంటే వెనుక కూర్చొని అతని వేళ్ల వైపు చూస్తుండేవాడు. నాకు బదిలీ అయినప్పుడు పాత పంచెలో చుట్టిన ఒక కట్ట తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. తొమ్మిది రికార్డులు. ఎక్కువ భాగం తిరువావడుదురై రాజరత్నం పిళ్లైగారి నాదస్వరం. అందులో తోడి ఉంది. మన కరవది నుండి వెళ్లి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చినమౌలానా గారంతటి వారిని కూడా ఆకర్షించిన బాణీ అది. ఆ తోడి రికార్డు అంచు నుండి లోపలికి వెంట్రుకంత బీట ఉంది. “ఒకదానికి బీట ఉండాది, టిక్కు టిక్కుమంటది, ఏమీ అనుకోవద్దు. ప్రాణం నిలబెట్టినారు. మీరు వినండి, నాకు చాలు” అన్నాడు. నేను ఆయనకు క్షమాపణ చెప్పలేదు. ఆయన నన్ను తప్పు పట్టలేదు గనుక చెప్పడానికి సందు దొరకలేదని చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను.

పదవీ విరమణ తరువాత సొంత ఊరు చేరాను. రోజూ సాయంత్రం ఒక గంట ఆ పెట్టెతో గడపడం అలవాటు. మొదట్లో వసారాలో పడక కుర్చీ వేసుకొని, గదిలో మోగే రికార్డును వినేవాణ్ణి. కొన్నేళ్లకు కుర్చీ గుమ్మం దగ్గరకు వచ్చింది. తరువాత గదిలోకి, ఆ తరువాత పెట్టె పక్కకు. మధ్యరకం సూదుల నుండి గట్టి సూదులకు మారాను. పాత రికార్డులు అరిగిపోతున్నాయి కాబోలు అనుకున్నాను. నా శ్రీమతి మాట నాకు సరిగా వినిపించకపోతే, ఆవిడ ఈ మధ్య గొణుగుతున్నదని నా నిర్ధారణ. కాళంగి ఒడ్డున తెల్లవారుజామున పిట్టల కూతలు తగ్గాయని, ఊరు పెరిగి చెట్లు పోయాయని నలుగురి దగ్గర వాపోయాను కూడా.

ఒక సంతోషం మాత్రం ఉండేది. రికార్డుల గరగర తగ్గింది! లక్క రికార్డు అంటేనే పాట వెనుక నూనెలో అప్పడం వేగుతున్నట్టు ఒక గరగర ఉంటుంది. కొన్ని నెలలుగా అది లేదు. పాట నిర్మలంగా ఉంది. బ్రష్షుతో తుడవడంలో నా చేయి తిరిగిందని గర్వపడ్డాను.

రెండేళ్ల క్రితం సంక్రాంతికి మనవరాలు వచ్చింది. పదకొండేళ్ల పిల్ల. తోడి పెట్టి వినిపించాను. అర నిమిషం ఓపిక పట్టి, “తాతయ్యా, ఇంత గరగరలో నీకు పాట ఎలా వినిపిస్తుంది? ఆ టిక్కు టిక్కు ఏమిటి?” అని అడిగింది.

నాకు గరగర లేదు. టిక్కు లేదు. చాలాసేపు రికార్డు వైపు చూస్తూ కూర్చున్నాను.

వైద్యుణ్ణి కాబట్టి వెంటనే బీరువా తెరచి శ్రుతిదండం తీశాను. 1711లో జాన్ షోర్ అనే బాకా వాద్యకారుడు వాయిద్యాల శ్రుతి కోసం చేసిన పరికరమది. తరువాత మేము చెవుల పరీక్షకు అరువు తెచ్చుకున్నాం. 512 హెర్ట్జ్ దండాన్ని మోకాలికి తట్టి చెవి దగ్గర పెట్టుకున్నాను. చక్కగా వినిపించింది. ఇంకేం, నా చెవి బాగుందన్నాను. ఆ నెలలోనే మా ఇంటి కిటికీ అద్దాలు వణికిస్తూ షార్ నుండి రాకెట్టు లేచింది. 1971 అక్టోబరు 9న చిన్న రోహిణి-125తో మొదలయిన చప్పుడు అది, మా ఊరి వారందరికీ అలవాటే. వెలుగు కనిపించిన సుమారు నిమిషానికి ఆ గర్జన మా ఇల్లు చేరుతుంది. అదీ దివ్యంగా వినిపించింది. “రాకెట్టు వినపడే మనిషికి చెవుడేమిటి?” అని శ్రీమతితో వాదించాను. ఆవిడ ఏదో అన్నది. వినపడలేదు.

నా వాదనలో తప్పు ఎక్కడుందో మీకు చెప్పాలి, ఎందుకంటే మీలో చాలామంది ఇదే వాదన చేస్తుంటారు. వయసుతో వచ్చే వినికిడి లోపం అన్ని ధ్వనులనూ ఒకేసారి తీసుకుపోదు. కోక్లియాలో సుమారు పదిహేను వేల రోమకణాలుంటాయి. సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులను పట్టే కణాలు దాని ముఖద్వారం దగ్గర ఉంటాయి. ముందుగా పోయేవి అవే. ఒకసారి పోతే మళ్లీ మొలవవు. రాకెట్టు గర్జన, డోలు, మగవారి గొంతులోని గాంభీర్యం, 512 హెర్ట్జ్ శ్రుతిదండం, ఇవన్నీ కింది స్థాయివి. చివరిదాకా నిలిచి ఉంటాయి. పిట్ట కూత, కుక్కరు ఈల, పసిపిల్లల మాట, రికార్డు గరగర ముందు వెళ్లిపోతాయి. భాషలో అచ్చులకు బలం ఎక్కువ, స్థాయి తక్కువ. స, శ, త, ఫ వంటి హల్లులు సన్ననివి. అందుకే మాట వినిపిస్తుంది గాని ఏమన్నారో తెలియదు. “అరవకు, వినపడుతోంది” అని కసురుకొనే పెద్దవారు అబద్ధం చెప్పడం లేదు. వారికి వినపడుతున్నది, అర్థం కావడం లేదు.

ఇవన్నీ నేను రోగులకు చెప్పిన మాటలే. అయినా పరీక్షకు వెళ్లడానికి నాకు ఇంకో నాలుగు నెలలు పట్టింది. చెవి మిషను పెట్టుకుంటే నలుగురూ ముసలివాడంటారని సంకోచం. డెబ్బయి మూడేళ్ల వాణ్ణి ముసలివాడంటారని భయం! చివరికి చెన్నై వెళ్లి ఆడియోమెట్రీ చేయించుకున్నాను. గదిలో కూర్చోబెట్టి, సన్నని ధ్వనులను ఒక్కొక్కటిగా వినిపిస్తూ గీత గీస్తారు. నా గీత రెండు వేల హెర్ట్జ్ వరకు దాదాపు చదునుగా నడిచి, అక్కడి నుండి కొండ దిగినట్టు దిగింది. ఆ కాగితం చూస్తుంటే నాకు ఆ నాదస్వర విద్వాంసుడు గుర్తుకు వచ్చాడు. ఆయనకు ఇటువంటి గీత ఎవరూ గీయలేదు. ఆ పల్లెలో ఆ యంత్రం లేదు. కానీ యంత్రం కంటే నిక్కచ్చిగా తానే చెప్పాడు.

అరవై దాటిన వారు, మధుమేహం ఉన్నవారు, టీవీ శబ్దం గురించి ఇంట్లో గొడవ పడుతున్నవారు ఒకసారి చెవులు చూపించుకోండి. ముందు గులిమి ఉందేమో చూస్తారు. కొందరికి దానితోనే తీరిపోతుంది. ఒక చెవి హఠాత్తుగా, గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో మూగబోతే అది వయసు కాదు, అత్యవసరం. ఆ రోజే నిపుణుణ్ణి కలవండి, ఆలస్యమైతే మందు పనిచేసే అవకాశం తగ్గిపోతుంది. ఏ మందు వాడుతున్నప్పుడైనా చెవిలో రొద, తూలుడు మొదలైతే వైద్యుడికి చెప్పండి. ఆయన తల ఎత్తకపోతే మళ్లీ చెప్పండి. సాధారణ క్షయకు ఇప్పుడు మన దేశంలో ఆ ఇంజెక్షను లేదు, మాత్రలతోనే చికిత్స. అదొక ఊరట. వినికిడి లోపాన్ని పట్టించుకోకపోవడం మతిమరుపు జబ్బు వచ్చే అవకాశాన్ని పెంచుతుందని లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం చెబుతోంది; నివారించదగిన కారణాలంటూ 2024లో వారు ఇచ్చిన పద్నాలుగింటి జాబితాలో ఇదీ ఉంది. మనవల చెవుల్లో తీగలు కనిపిస్తే ధ్వని తగ్గించమని చెప్పండి. 80 డెసిబెల్స్ ధ్వని వారానికి నలభై గంటలు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా.

మిషను పెట్టుకున్న మొదటి వారం నరకం. కాగితం మడిస్తే పిడుగు పడినట్టుంది. మెదడు అలవాటు పడడానికి వారాలు కావాలి. చాలామంది ఈ దశలోనే మిషన్ను సొరుగులో పడేస్తారు. సంగీతం మరీ వింతగా వినిపించింది, ఎందుకంటే ఈ యంత్రాలను ముఖ్యంగా మాటల కోసం అమరుస్తారు. మళ్లీ వెళ్లి అడిగితే సంగీతానికి వేరే అమరిక చేసి ఇచ్చారు. పాటల ప్రియులు మొదటే అడగండి.

ఆ అమరికతో ఇంటికి వచ్చిన సాయంత్రం తోడి తీశాను. మధ్యరకం సూది పెట్టి, కీ ఇచ్చి, వసారాలోకి వెళ్లి కూర్చున్నాను. శ్రీమతి అప్పటికే పడక కుర్చీని పాత చోటుకు జరిపి ఉంచింది. ముందు గరగర వచ్చింది, వాన మొదలయినట్టు. నాకు అసహ్యంగా వినిపించింది, అయినా లేవలేదు. దాని వెనుక నాదస్వరం. దానితోపాటు బీట మీద సూది పడ్డప్పుడల్లా టిక్కు, నిమిషానికి డెబ్భై ఎనిమిది సార్లు, ఆయన చెప్పి ఇచ్చినట్టే.